టీవీ వెనక తెలుగు గుమ్మం

భిలాయ్‌లోని తెలుగువాళ్ల ఇళ్లలో టీవీకి చాలాకాలం రెండు గుమ్మాలుండేవి. వీధి గుమ్మంలోంచి హిందీ వచ్చేది, పెరటి గుమ్మంలోంచి తెలుగు. మొదటిది క్వార్టర్ డాబా మీద నిలబెట్టిన ఏరియల్ నుంచి దిగే తీగ. రాయ్‌పూర్ దూరదర్శన్ పుణ్యమా అని వార్తలు, చిత్రహార్, ఆదివారం రామాయణం దాని వెంటే ఇంట్లోకి వచ్చేవి. రెండోది టీవీ వెనకాల పసుపు, తెలుపు రంగుల్లో ఉండే చిన్న గుండ్రటి సాకెట్లు. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో చేతిసంచిలో వచ్చిన వీడియో కేసెట్టు, ఆ తర్వాత డిస్కు బొమ్మకట్టేది వీటి ద్వారానే. చిక్కల్లా ఏమిటంటే 1980ల్లో కొన్న చాలా సెట్లకు ఈ రెండో గుమ్మం లేనేలేదు.

కొత్త డిస్క్ ప్లేయర్‌ని పాత టీవీకి తగిలించడమంటే వినడానికి పది నిమిషాల పని. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే అది కుదరకపోయినా కొంపలేం మునగవు. కేబుల్ పెడితే తెలుగు వస్తుంది, వీధి చివర సినిమా హాలుంటుంది. ఉక్కు నగరంలో లెక్క వేరు. అక్కడ ఆ వైరు కుదరకపోతే ఆ సాయంత్రానికి ఇంట్లో తెలుగు లేనట్టే. ఊళ్లో పెద్దవాళ్లు పాత టీవీల విషయంలో చూపించే పట్టుదల బయటివాళ్లకు చాదస్తంగా కనిపించవచ్చు గానీ, దాని వెనక కారణం ఇదే.

భిలాయ్ పుట్టుకే ఒక కొత్త యంత్రాన్ని పాత నేలకు తగిలించడంతో మొదలైంది. భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం 1980ల చివరికి 40 లక్షల టన్నులకు పెరిగింది. భారతీయ రైల్వేలకు పట్టాలు ప్రధానంగా ఇక్కడి నుంచే వెళతాయి. వరిపొలాలూ చెరువులూ ఉన్న ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఇంత పెద్ద పని మొదలయ్యేసరికి దేశం నలుమూలల నుంచీ మనుషులు దిగారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లు ఎక్కువే. మట్టిపనికి, తాపీపనికి వచ్చినవాళ్లు కొందరు. ఐటీఐ చదివి ఉద్యోగంలో చేరినవాళ్లు, బడుల్లో పాఠాలు చెప్పడానికి వచ్చినవాళ్లు మరికొందరు. రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా వచ్చే రైలే వాళ్లకి ఊరికీ ఉద్యోగానికీ మధ్య వంతెన. విశాఖ నుంచి దుర్గ్ దాకా ఇప్పుడు వందే భారత్‌లో ఎనిమిది గంటలు. అది 2024 సెప్టెంబరులో వచ్చింది. అంతకు ముందు తరాలు ఆవకాయ జాడీలు, బియ్యం మూటలు, వీడియో కేసెట్లు మోసింది మామూలు ఎక్స్‌ప్రెస్‌లలో, పాసింజర్లలో.

ఊరి అమరిక తెలిస్తే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది. రైలు పట్టాలకి ఒక పక్క అంకెలు వేసిన సెక్టార్లు. వెడల్పాటి రోడ్లు, చెట్లు, వరస వరసలుగా ఒకే అచ్చులో పోసినట్టున్న క్వార్టర్లు. మధ్యలో సివిక్ సెంటర్, ఆ చివర భారత సోవియట్ స్నేహానికి గుర్తుగా వేసిన మైత్రీ బాగ్. సెక్టార్ 5లో బాలాజీ ఆలయం. పట్టాలకి అవతలి పక్క గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు, దాన్ని అంటిపెట్టుకుని సుపేలా, పవర్‌హౌస్ బజార్లు. సెక్టార్లలో అన్నీ కంపెనీ లెక్క ప్రకారం నడుస్తాయి. బజార్లో ఏదీ లెక్క ప్రకారం నడవదు. టీవీ కొనడానికైనా, బాగు చేయించడానికైనా పట్టాలు దాటాల్సిందే.

ఈ ప్రాంతానికి టీవీ దేశంలో చాలా ఊళ్లకన్నా ముందే పరిచయం. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో సైట్ అనే ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి నేరుగా ఉపగ్రహం నుంచి కార్యక్రమాలు అందాయి. అప్పటి మధ్యప్రదేశ్‌లో రాయ్‌పూర్ పరిసరాల పల్లెలు వాటిలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఒకే ఉపగ్రహం అక్కడ తెలుగు మాట్లాడింది, ఇక్కడ హిందీ మాట్లాడింది. భిలాయ్‌లో ఉన్న తెలుగువాడికి దక్కింది రెండోది. ప్రయోగం ముగిశాక రాయ్‌పూర్‌లో ట్రాన్స్‌మిటర్ పెట్టారు. 1982లో రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. బోనస్ డబ్బులతో టీవీ కొనడం సెక్టార్లలో ఒక ఆనవాయితీ అయింది. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ, వెస్టన్, క్రౌన్, డయనోరా. ఆ తర్వాత ఒనిడా, వీడియోకాన్, బీపీఎల్. కొన్నింటికి చెక్క పెట్టె, దానికి షట్టరు, షట్టరుకి తాళం.

తెలుగు వినిపించేది ఎప్పుడో గానీ కాదు. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్ జాతీయ కార్యక్రమంలో ప్రాంతీయ భాషా చిత్రాలు వేసేవారు. అన్ని భాషలకీ వంతులు. తెలుగు వంతు వచ్చిన ఆదివారం భోజనాలు ముందే అయిపోయేవి. అవి ఎక్కువగా అవార్డు చిత్రాలు. ఎన్టీఆర్ గద, ఏఎన్నార్ స్టెప్పు కావాలనుకున్నవాళ్లకు మిగిలింది వీసీఆర్ అద్దెకు తేవడమే. రాత్రికి రెండు మూడు సినిమాలు, పక్క బ్లాకు నుంచి కూడా జనం, పొద్దున్నే ఏ షిఫ్టు ఉన్నా సరే. ఈటీవీ 1995 ఆగస్టులో మొదలై కేబుల్ ద్వారా చేరేదాకా ఇదే వరస. కేబుల్ వచ్చాక కూడా ఏ చానల్ ఇవ్వాలో నిర్ణయించేది ఆపరేటరే. హిందీ చందాదార్లు ఎక్కువున్న వీధిలో తెలుగు చానల్ ఎప్పుడు మాయమవుతుందో చెప్పలేం.

అందుకే డిస్కు వచ్చినప్పుడు అది మిగతా ఊళ్లకన్నా ఇక్కడ ఎక్కువ పని చేసింది. మొదట వీసీడీ. తర్వాత డీవీడీ. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టడంతో ధర సంగతి తేలిపోయింది. అప్పటికే చైనా ప్లేయర్లు బజారును ముంచెత్తాయి. సెలవుల్లో ఊరెళ్లినవాళ్లు తిరుగు ప్రయాణంలో పాతిక డిస్కులు తెచ్చుకునేవారు. సంగతంతా ఇక్కడే ఉంది. డిస్కు చవకయింది, ప్లేయర్ చవకయింది. టీవీ మాత్రం చవక వస్తువు కాదు. అది 1980ల బోనస్. అది మారలేదు.

అసలు తకరారు ఎక్కడ వస్తుంది? డీవీడీ ప్లేయర్ వెనక మూడు పిన్నులకి చోటుంటుంది. పసుపు బొమ్మకి, తెలుపు ఎడమ శబ్దానికి, ఎరుపు కుడి శబ్దానికి. టీవీకి కూడా అవే రంగులుంటే గొడవే లేదు, రంగుకి రంగు కలిపితే చాలు. టీవీకి పసుపు, తెలుపు మాత్రమే ఉంటే ఎరుపు పిన్ను వదిలేయొచ్చు. కానీ అప్పుడు కుడివైపు శబ్దం పోతుంది కనుక, ప్లేయర్ మెనూలో శబ్దాన్ని మోనోకి మార్చుకోవాలి. ఇంకో చిక్కు కూడా చాలామందిని ఏడిపించింది. పాటలు గట్టిగా వినిపిస్తాయి, మాటలు మాత్రం గొణిగినట్టుంటాయి. స్పీకర్లు పాడయ్యాయని మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లినవాళ్లున్నారు. నిజానికి ప్లేయర్ తనకి ఆరు స్పీకర్లు తగిలించారనుకుని సంభాషణలను మధ్య స్పీకర్‌కి పంపుతుంటుంది. ఆ మధ్య స్పీకర్ ఇంట్లో లేదు. మెనూలో 5.1 బదులు స్టీరియో పెడితే హీరో నోరు విప్పుతాడు.

ఏరియల్ సాకెట్ ఒక్కటే ఉన్న సెట్టుతోనే అసలు పరీక్ష. ప్లేయర్ ఇచ్చేది విడి బొమ్మ, విడి శబ్దం. ఏరియల్ సాకెట్ అడిగేది ఒక స్టేషన్‌ను. ఒకదాన్ని మరొకదానిలో దూర్చలేం. పసుపు పిన్నుకి ఏరియల్ పిన్ను అతికించి చూసినవాళ్లు తక్కువేం కాదు, తెర మీద చుక్కలు తప్ప ఏమీ రాలేదు. మధ్యలో ఉండాల్సింది మాడ్యులేటర్. అగ్గిపెట్టెకు అన్నలాంటి ఒక రేకు డబ్బా. ఇంట్లోనే నడిచే అతి చిన్న టీవీ స్టేషన్ అనుకోవచ్చు. ఒకవైపు నుంచి బొమ్మ, శబ్దం తీసుకుని, వాటిని 3వ చానల్‌ లేదా 4వ చానల్‌ మీదకి ఎక్కించి, రెండోవైపు నుంచి ఏరియల్ తీగలోకి వదులుతుంది. టీవీని అదే నంబరుకి తిప్పి, సన్నగా ట్యూన్ చేస్తే బొమ్మ నిలుస్తుంది. ఇంకా పాత సెట్లకి గుండ్రటి పిన్ను కూడా ఉండదు, రెండు స్క్రూలు, వాటికి బల్లపరుపు తీగ ఉంటాయి. ఆ తీగ 300 ఓంలది, గుండ్రటి కేబుల్ 75 ఓంలది. మధ్యలో వేలెడంత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెడితేగానీ రెంటికీ పొత్తు కుదరదు.

ఇక్కడ భిలాయ్‌కి తగిన ఒక వింత ఉంది. మాడ్యులేటర్ అని అమ్మేవన్నీ మన దేశానికి పనికిరావు. మన దేశంలో బొమ్మకీ శబ్దానికీ మధ్య దూరం 5.5 మెగాహెర్ట్జ్. బ్రిటన్‌లో 6. చైనాలో, నాటి సోవియట్ యూనియన్‌లో 6.5. చైనా లెక్కకి చేసిన డబ్బా తగిలిస్తే బొమ్మ అద్దంలా వస్తుంది, శబ్దం మాత్రం రాదు. కొన్నిటికి ఈ దూరాన్ని మార్చే స్విచ్చి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. రష్యన్లు కట్టిన ఊళ్లో రష్యన్ లెక్క ఒక్క టీవీ దగ్గరే చెల్లకపోవడం చిత్రమే. వాళ్ల రంగుల పద్ధతి కూడా వేరు. మనం తీసుకున్నది జర్మనీలో పుట్టిన పాల్ పద్ధతి, సోవియట్ వాళ్లు తీసుకున్నది ఫ్రెంచివాళ్ల సెకామ్. కర్మాగారం విషయంలో మాస్కోను, టీవీ విషయంలో పశ్చిమ యూరప్‌ను అనుసరించడంలో ఆనాటి ప్రభుత్వానికి ఇబ్బందేమీ కనిపించలేదు. అలీన విధానానికి ఇంతకన్నా ఇంటింటి ఉదాహరణ దొరకదు.

మాడ్యులేటర్ దొరకని రోజుల్లో తెలివైనవాళ్లు మూలన పడేసిన వీసీఆర్‌ను దుమ్ము దులిపారు. దానిలో మాడ్యులేటర్ ముందే ఉంది కదా. ప్లేయర్ నుంచి వీసీఆర్‌కి, వీసీఆర్ నుంచి ఏరియల్ సాకెట్‌కి. ఉపాయం భేషుగ్గా పనిచేస్తుంది, ఒక్కోసారి తప్ప. కొన్ని కంపెనీ డిస్కులతో బొమ్మ కాసేపు వెలిగిపోతుంది, కాసేపు చీకటైపోతుంది, అలా ఊపిరి తీసినట్టు సాగుతుంది. అది తీగ లోపం కాదు. డిస్కును కేసెట్టు మీదకి దొంగ కాపీ చెయ్యకుండా పెట్టిన మాక్రోవిజన్ అనే తాళం. వీసీఆర్‌లోని వెలుగును సరిచేసే భాగాన్ని అది కావాలని తికమక పెడుతుంది. కాపీ చేసే ఉద్దేశం లేని తాతగారికి కూడా అదే శిక్ష. డబ్బులిచ్చి అసలు డిస్కు కొన్నవాడికి బొమ్మ ఆడదు, బజార్లో దొంగ డిస్కు కొన్నవాడికి హాయిగా ఆడుతుంది.

అమెరికా నుంచి వచ్చే డిస్కులది ఇంకో కథ. భిలాయ్ పిల్లల చదువుల పేరు పెద్దది. ఐఐటీ ప్రవేశ పరీక్షల ఫలితాల్లో ఈ ఊరి పేరు ఏళ్ల తరబడి వినిపించింది. 2016లో సొంతంగా ఒక ఐఐటీ కూడా వచ్చింది. ఆ పిల్లలు బెంగళూరు, హైదరాబాద్ దాటి డల్లాస్, న్యూజెర్సీ చేరారు. తల్లిదండ్రులకు అక్కడి నుంచి సీమంతం వీడియో వస్తుంది, పాప బారసాల వీడియో వస్తుంది, అక్కడి తెలుగువాళ్ల కోసం అచ్చేసిన సినిమా డీవీడీలు వస్తాయి. పెట్టగానే టీవీ మీద బొమ్మ పైకి దొర్లుతుంటుంది, లేదా మనవరాలు నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. కారణం అమెరికా ఎన్‌టీఎస్‌సీ. అక్కడ బొమ్మకి 525 గీతలు, సెకనుకి దాదాపు 30 ఫ్రేములు. ఇక్కడ 625 గీతలు, 25 ఫ్రేములు. పాత పాల్ టీవీకి ఆ లెక్క తెలియదు. టీవీని తిట్టి లాభం లేదు. మంచి ప్లేయరైతే మెనూలో టీవీ రకం దగ్గర ఆటో తీసేసి పాల్ పెడితే తనే మార్చి ఇస్తుంది. ఇక కంపెనీ డిస్కులకి ప్రాంతాల అంకెలున్నాయి. అమెరికాది 1, మనది 5. ఆ తాళం ఉన్న డిస్కు మన ప్లేయర్‌లో తిరగనే తిరగదు. ఇంట్లో తీసిన వీడియోకి మాత్రం ఈ బాధ లేదు.

ఒక్క మీట పొరపాటున నొక్కి ఇల్లంతా కంగారు పడే సందర్భం కూడా ఉంది. రిమోట్ మీద పీ-స్కాన్ అనో, వీ-మోడ్ అనో ఒక బటన్ ఉంటుంది. దాన్ని పిల్లవాడు నొక్కుతాడు. బొమ్మ చీలికలు పేలికలవుతుంది, లేదా పూర్తిగా పోతుంది. సరిచేద్దామంటే మెనూ కనపడాలి, మెనూ కనపడాలంటే బొమ్మ ఉండాలి. చెయ్యాల్సింది అదే బటన్‌ను ఒకసారి నొక్కి నాలుగు సెకన్లు ఆగడం, మళ్లీ నొక్కడం. పసుపు పిన్నులోంచి బొమ్మ వచ్చే పద్ధతికి అది తిరిగొచ్చేదాకా. దీనికి మెకానిక్‌కు డబ్బులివ్వనక్కర్లేదు.

మెకానిక్ అవసరం నిజంగా ఉన్నచోట, ప్రమాదం కూడా అక్కడే ఉంది. మాడ్యులేటర్‌తో బొమ్మ కొంచెం మెత్తబడుతుంది. అది నచ్చనివాళ్లు సెట్టు వెనక రేకు విప్పించి, లోపలి బోర్డు మీద సరైన చోట తీగలు కలిపి, కొత్తగా ఏవీ సాకెట్లు పెట్టించుకునేవారు. పనితనం తెలిసిన చేతిలో అది మంచి ఉపాయమే. తెలియని చేతిలో ప్రాణాంతకం. ఎందుకంటే ఆనాటి సెట్లలో కొన్నింటికి కరెంటును వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. లోపలి చాసిస్‌కు ఇంటి కరెంటుతోనే సంబంధం ఉంటుంది. కంపెనీ వాడు ఏరియల్ సాకెట్ దగ్గర మాత్రం రక్షణగా కెపాసిటర్లు పెట్టి, మిగతాదంతా చెక్క పెట్టెలో, ప్లాస్టిక్ మీటల వెనక దాచాడు. అలాంటి చాసిస్‌కి నేరుగా సాకెట్ కలిపితే, తీగ వెంట ఆ కరెంటు డీవీడీ ప్లేయర్ రేకు దాకా వస్తుంది. డిస్కు మార్చడానికి చెయ్యి పెట్టినవాడికి షాక్. ప్లగ్గు తిప్పి పెడితే సరిపోతుందనే మాట బజార్లో వినిపిస్తుంటుంది. చాలా సెట్లలో అది నిజం కాదు, ఎటు తిప్పినా టెస్టర్ వెలుగుతూనే ఉంటుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకుండా అలాంటి సెట్టుకి సాకెట్లు బిగించకూడదు. పైగా స్విచ్చి ఆపేసిన తర్వాత కూడా పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల చార్జి నిలిచి ఉండొచ్చు. కాస్త మెత్తటి బొమ్మతో సర్దుకుని మాడ్యులేటర్‌తో సరిపెట్టుకున్న ఇల్లాలిదే తెలివి. భద్రత అనే మాట గోడగోడకీ రాసి ఉన్న కర్మాగారంలో ముప్ఫయ్యేళ్లు పనిచేసి, ఇంటికొచ్చి స్క్రూడ్రైవర్‌తో టీవీ వెనక దూరే పెద్దమనుషులకు ఈ మాట చెప్పడం మాత్రం అంత సులువు కాదు.

ఇదంతా డీవీడీ కాలం నాటి తంటా. దాని తర్వాతది ఇంకా గట్టిది, పైగా కావాలని తెచ్చిపెట్టింది. 2006లో బ్లూ-రే ప్లేయర్లు వచ్చాయి. సినిమా కంపెనీలు, ప్లేయర్ల కంపెనీలు కలిసి రాసుకున్న నియమం ప్రకారం 2010 తర్వాత తయారైన బ్లూ-రే ప్లేయర్లు పాత తరహా తీగల్లోంచి రక్షణ ఉన్న డిస్కుల బొమ్మను మామూలు నాణ్యతలోనే ఇవ్వాలి. 2013 తర్వాత తయారైనవి అసలు ఇవ్వనే కూడదు. కొత్త ప్లేయర్ వెనక పసుపు పిన్నుకి చోటు లేకపోవడం ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే కాదు, తలుపుకి మేకులు కొట్టడం కూడా. మిగిలింది ఎచ్‌డీఎంఐ సాకెట్ ఒక్కటే. దానిలో పోయేది అంకెలు, తరంగాలు కాదు. దాన్ని పాత టీవీకి అర్థమయ్యేట్టు చెయ్యాలంటే ఎచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే డబ్బా కావాలి. సరిగ్గా అదే రూపంలో, అదే రంగులో, ఏవీ నుంచి ఎచ్‌డీఎంఐకి మార్చే డబ్బా కూడా అమ్ముతారు. అది తిరగేసి పెడితే పనిచేయదు. కొనేముందు బాణం గుర్తు ఎటు చూపిస్తోందో చదవాలి. దానికి విడిగా ఐదు వోల్టుల కరెంటు ఇవ్వాలి, పక్కనున్న చిన్న స్విచ్చిని పాల్ వైపుకి జరపాలి. ఏరియల్ సాకెట్ ఒక్కటే ఉన్న టీవీ అయితే ఆ డబ్బా తర్వాత మళ్లీ మాడ్యులేటర్. అమెరికా కొడుకు తెచ్చిన ప్లేయర్ నుంచి 1985 నాటి టీవీ దాకా ఒక్కో తరం ఒక్కో డబ్బాగా రెండు మెట్లు దిగాలి. ఇంత చేసినా కొన్ని డిస్కులకి తెర నల్లగానే ఉండిపోవచ్చు, అవతలివైపున్నది నమ్మదగిన టీవీ కాదని ప్లేయర్ అనుకుంటే.

ఇన్ని తిప్పలెందుకు, కొత్త టీవీ కొనొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. చాలా ఇళ్లలో కొన్నారు కూడా. హాల్లో గోడకి పల్చటి టీవీ వేలాడుతుంది. పాతది లోపలి గదిలోకి వెళ్లింది, బయటికి మాత్రం వెళ్లలేదు. ఇందులో మమకారం ఒక పాలే, మిగతాది లెక్క. వీసీడీలో బొమ్మ అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288. ఇరవై అంగుళాల పాత టీవీ మీద అది పెళ్లి వీడియోలా కనిపిస్తుంది. నలభై మూడు అంగుళాల కొత్త తెర మీద అదే పెళ్లి ముగ్గుచుక్కల్లా విడిపోతుంది, దానికి తోడు పెళ్లికూతురి మొహం అడ్డంగా సాగుతుంది. 1990ల్లో శ్రీకాకుళంలోనో, సెక్టార్‌లోని కల్యాణ మండపంలోనో తీసి, కేసెట్టు నుంచి డిస్కుకి ఎక్కించిన పెళ్లిళ్లకు తగిన తెర ఆ పాత టీవీయే. ఈ విషయంలో పెద్దవాళ్లదే పైచేయి. అయితే వాళ్లు ఒప్పుకోనిది ఒకటుంది. ఇంట్లో రాసిన డిస్కులు శాశ్వతం కావు. వేడికి, వెలుతురుకి వాటి పొర చెడుతుంది, ఛత్తీస్‌గఢ్ వేసవిలో ఇంకా తొందరగా చెడుతుంది. టీవీని కాపాడుకున్నంత జాగ్రత్తగా డిస్కులోని బొమ్మను ఇంకోచోటికి కాపీ చేసి ఉంచుకునేవాళ్లు తక్కువ.

రిటైర్మెంట్ ఈ ఊళ్లో ఇంటి సామాను తలరాత రాస్తుంది. ఇల్లు కంపెనీది. ఉద్యోగం అయిపోతే క్వార్టర్ అప్పగించాలి. 2000ల మొదట్లో సెయిల్ కొన్ని ఇళ్లను దీర్ఘకాలిక లీజుకు ఇచ్చినప్పుడు తీసుకున్నవాళ్లు అక్కడే ఉండిపోయారు. మిగతావాళ్లు పట్టాల అవతల ఫ్లాటు కొనుక్కున్నారు, లేదా సామాను కట్టి విశాఖ రైలెక్కారు. ఆ కట్టే సామానులో పాత టీవీ వెళ్లాలా వద్దా అన్నది ప్రతి ఇంట్లోనూ ఒక పంచాయితీ. కబాడీవాడు ఇచ్చేది పాప్‌కార్న్ ఖర్చుకి కూడా సరిపోదు. దాని గాజులో సీసం ఉంటుంది కాబట్టి పగలగొట్టి చెత్తలో పారేయకూడదు. ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. వాడెవరో, ఎక్కడుంటాడో సెక్టార్‌లో చాలామందికి తెలియదు. అందువల్ల కూడా అది లోపలి గదిలోనే ఉంది.

కర్మాగారంలో అయితే ఈ కొత్త, పాతల పొత్తు రోజువారీ వ్యవహారం. విస్తరించి, ఆధునికీకరించిన ప్లాంటును ప్రధాని మోదీ 2018 జూన్ 14న జాతికి అంకితం చేశారు. మహామాయ అని పేరు పెట్టిన ఎనిమిదో బ్లాస్ట్ ఫర్నేస్ సోవియట్ కాలం నాటి కొలిమిల సరసన నిలబడింది. పాతవాటిని ఆపకుండానే, వాటికి కొత్త పైపులు, కొత్త మీటర్లు, కొత్త కంప్యూటర్లు తగిలించడం ఇక్కడి ఇంజనీర్లకి ఆటలాంటి పని. అక్కడ ప్రతి జోడింపుకీ ఒక డ్రాయింగు, ఒక సంతకం ఉంటాయి. ఇంట్లో టీవీ వెనక అవేమీ ఉండవు. ఏ పిన్ను ఎక్కడిదో అల్లుడికి తెలుసు, అల్లుడు పుణేలో ఉంటాడు. సెలవులకి వచ్చినప్పుడు తగిలించి వెళతాడు, పనిమనిషి ఊడుస్తున్నప్పుడు ఊడిపోతుంది. మళ్లీ సంక్రాంతి దాకా ఎదురుచూపు. ఈ ఒక్క బాధ తప్పించుకోవడానికి పిన్నుల పక్కన రంగు పెన్నుతో అంకెలు వేసి, టీవీ వెనక తెలుగులో చీటీ అంటించుకోవచ్చు.

మాడ్యులేటర్ తగిలించేటప్పుడు పాత మెకానిక్‌లు ఒక జాగ్రత్త చెప్పేవారు. 3, 4 చానళ్లలో ఏది ఖాళీగా ఉందో చూసుకుని దాని మీదే పెట్టుకోవాలి. దూరదర్శన్ వచ్చే నంబరుకి దగ్గరగా పెడితే రెండు బొమ్మలూ కలిసిపోయి తెర మీద గీతలు పడతాయి. దూరదర్శన్ తన పాత తరహా ట్రాన్స్‌మిటర్లను, కొన్ని సరిహద్దు, వ్యూహాత్మక ప్రాంతాల్లోవి తప్ప, 2022 నాటికి దాదాపుగా మూసేసింది. కేబుల్ కూడా సెట్‌టాప్ బాక్సులోకి వెళ్లిపోయింది. డాబా మీద ఏరియల్ ఇంకా నిలబడి ఉన్న క్వార్టర్లలో కూడా దానిలోంచి ఇప్పుడు దిగేదేమీ లేదు. పాత టీవీ నాబ్ మీద అంకెలన్నీ ఖాళీ. మాడ్యులేటర్ స్విచ్చి 3 మీద ఉన్నా, 4 మీద ఉన్నా ఒకటే. ఆ టీవీలోకి ఇంక వచ్చేది డిస్కులో ఉన్న తెలుగు ఒక్కటే.